స్త్రీల గుండెజబ్బు, టెలోమియర్లు, జన్యు వైవిధ్యం: కడప జిల్లా నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వైద్యశాస్త్ర చరిత్ర అనగానే మనకు మశూచి టీకా, కలరా, ప్లేగు, పెన్సిలిన్ గుర్తుకు వస్తాయి. అంటువ్యాధుల చరిత్ర రాయడం కొంత సులభం. అవి ఎప్పుడు వచ్చాయో, ఎందరిని తీసుకుపోయాయో ప్రభుత్వాలు లెక్కలు రాసి పెట్టుకున్నాయి. గుండెజబ్బు చరిత్ర అలా కాదు. అందులోనూ స్త్రీల గుండెజబ్బు చరిత్ర చాలా ఆలస్యంగా మొదలైంది. ఈ పాఠంలో మనం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలను దృష్టిలో పెట్టుకుని ఆ చరిత్రను పరిశీలిద్దాం. క్రోమోజోముల కొసల్లో ఉండే టెలోమియర్లకూ గుండెకూ సంబంధం ఉందని శాస్త్రజ్ఞులు ఎలా గుర్తించారు, ఆ సంబంధం కారణమా లేక కేవలం గుర్తా అన్న ప్రశ్నను ఎలా తేల్చారు, ఆ ఫలితాలు కడప జిల్లా స్త్రీకి ఎంతవరకు వర్తిస్తాయి అన్నవి ఇందులో ముఖ్యాంశాలు. జీవశాస్త్రం చదవని విద్యార్థులు కంగారు పడనక్కరలేదు. అవసరమైన పదాలను అక్కడక్కడే వివరించాం.

మరణాల రిజిస్టరులో ఒక గడి

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాల్లో కడప ఒకటి. ఆ తరువాత ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైంది. జనన మరణాల నమోదు కోసం మద్రాసు ప్రభుత్వం 1899లో ఒక చట్టం చేసింది. పల్లెల్లో ఆ నమోదు బాధ్యత గ్రామాధికారులది. వారు వైద్యులు కారు. ఇంట్లోవాళ్లు చెప్పిన మాటను బట్టి మరణ కారణాన్ని ఏదో ఒక గడిలో రాసేవారు. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, గాయాలు అనేవి ప్రధానమైన గడులు. వీటిలో దేనికీ చెందని చావు ‘ఇతర కారణాలు’ అనే గడిలోకి పోయేది. గుండెజబ్బుకు వేరే గడి లేదు.

ఈ రిజిస్టర్లను ఆధారంగా తీసుకునే విద్యార్థి రెండు పొరపాట్లకు దూరంగా ఉండాలి. నూరేళ్ల కిందట మన ఆడవాళ్లకు గుండెజబ్బే లేదనడం మొదటి పొరపాటు. గడి లేనిచోట లెక్క ఉండదు. ‘ఇతర కారణాల’ కింద ఉన్నవన్నీ గుండెజబ్బులేననడం రెండోది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుల సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ల దరిదాపుల్లోనే ఉంది. గుండె రక్తనాళాలు పూడుకుపోయే వయసు రాకముందే కాన్పులో, జ్వరంలో, కరువులో పోయిన స్త్రీలు ఎక్కువ.

ఈ మూడు పట్టణాల్లో ఆధునిక వైద్యం ఒకేసారి అడుగుపెట్టలేదు. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీవారి ఆసుపత్రి బ్రిటిష్ పాలన కాలంనాటిది. నేటికీ దానికి క్యాంప్‌బెల్ పేరే ఉంది. 1949లో జమ్మలమడుగులో పుట్టి, వైద్యవిద్య ముగించాక అక్కడి మిషన్ ఆసుపత్రిలోనే వైద్యాధికారిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట డెబ్బై పడకల ఆసుపత్రి నెలకొల్పారు. బంగారం, బట్టల వ్యాపారంతో పెరిగిన ప్రొద్దుటూరులో ప్రైవేటు నర్సింగ్ హోములు వెలిశాయి. కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల 2006లో గాని రాలేదు. అంతవరకూ గుండెకు పెద్ద వైద్యం కావాలంటే తిరుపతికో, కర్నూలుకో, రాయవేలూరుకో పోవలసిందే. అంత దూరం ఇంట్లో ఎవరిని తీసుకుపోయేవారు, ఎవరిని ‘చూద్దాంలే’ అని ఆపేవారు అన్నది ఏ రిజిస్టరులోనూ కనిపించదు. మీ ఇళ్లలోని పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది.

తెలుగు పల్లెల్లో మరణ కారణాలను పద్ధతిగా లెక్కించిన అధ్యయనాల్లో ‘ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య ప్రయత్నం’ ముఖ్యమైనది. అది జరిగింది కడపలో కాదు, ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో. చనిపోయినవారి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో వరుసగా అడిగి రాసుకున్నారు. ఆ సమాచారాన్ని బట్టి వైద్యులు కారణం నిర్ణయించారు. 2003-04లో ఏడాది కాలంలో నమోదైన 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల కలిగినవని తేలింది. అంటువ్యాధుల వాటా 12 శాతమే. పల్లెల్లో గుండెజబ్బు ఉండదన్న నమ్మకం అంతటితో పోయింది.

పురుషుడి గుండె ప్రమాణం కావడం

గుండెజబ్బుపై దీర్ఘకాలిక పరిశోధన 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో ప్రారంభమైంది. అందులో చేరిన 5,209 మందిలో స్త్రీలు 2,873 మంది, అంటే సగం కంటే ఎక్కువ. ఆరంభం బాగానే ఉంది. కానీ తరువాతి దశాబ్దాల్లో మందులను పరీక్షించిన పెద్ద ప్రయోగాలు ఆ దారిన నడవలేదు. రోజు విడిచి రోజు ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు తగ్గుతుందా అని 1980లలో అమెరికాలో జరిపిన ప్రయోగంలో పాల్గొన్నవారు 22,071 మంది వైద్యులు. అందరూ పురుషులే. ఫలితాన్ని మాత్రం స్త్రీలకూ వర్తింపజేశారు.

1991లో హృద్రోగ నిపుణురాలు బెర్నడీన్ హీలీ ఈ ధోరణికి ‘యెంటల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఐజక్ బషేవిస్ సింగర్ కథలో యెంటల్ అనే అమ్మాయి చదువుకోవడానికి మగవేషం వేయవలసి వస్తుంది. అలాగే, తన జబ్బు పురుషుడి జబ్బులా ఉందని రుజువు చేసుకుంటేనే స్త్రీకి తగిన చికిత్స దొరుకుతోందని ఆమె విమర్శ. 1993లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య ప్రయోగాల్లో స్త్రీలను చేర్చుకోవాలని చట్టం వచ్చింది. మన దగ్గరికి వస్తే, గుండెపోటులో స్త్రీలకు కూడా ఛాతీనొప్పే ప్రధాన లక్షణం. అయితే దానితోపాటు, ఒక్కొక్కసారి అది లేకుండానే, ఆయాసం, వికారం, వీపునొప్పి, దవడనొప్పి, విపరీతమైన నీరసం కనబడటం స్త్రీలలో ఎక్కువ. మన ఇళ్లలో వీటన్నిటికీ ఒకే పేరుంది: గ్యాస్.

ఇదే కాలంలో జరిగిన మరో సంఘటన టెలోమియర్ల చర్చకు చాలా అవసరం. 1976లో 1,21,700 మంది నర్సులతో అమెరికాలో ఒక అధ్యయనం మొదలైంది. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ మాత్రలు వాడే నర్సుల్లో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. దాంతో ఆ మాత్రలు గుండెను కాపాడతాయని వైద్యులు విస్తారంగా రాశారు. తరువాత 16,608 మంది స్త్రీలకు చీటీలు వేసినట్టుగా పంచి, కొందరికి అసలు హార్మోన్లు (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి), కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. హార్మోన్లు వాడినవారిలో గుండెజబ్బు తగ్గకపోగా కొంత పెరిగింది. 2002లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఏమిటి తేడా? మాత్రలు తమంతట తాము వాడిన నర్సులు మొదటినుంచీ చదువు, ఆరోగ్యశ్రద్ధ ఎక్కువగా ఉన్నవారు కావడం ఒక కారణం. మాత్రలు మొదలుపెట్టిన వయసు మరో కారణం. రెండు విషయాలు కలిసి కనబడటాన్ని సహసంబంధం అంటాం. ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు. ఈ తేడాను మరిచినందుకు మూల్యం చెల్లించింది స్త్రీలే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మద్రాసు ప్రెసిడెన్సీ మరణాల రిజిస్టర్లు, నర్సుల అధ్యయనం, ఈ రెండు ఆధారాలనూ చరిత్రకారుడు ఏ జాగ్రత్తతో వాడాలి? పది వాక్యాల్లో రాయండి.

టెలోమియర్ల కథ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల చేనేతకారులకు ఒక విషయం తెలుసు. మగ్గం మీద పడుగును పూర్తిగా చివరిదాకా నేయలేరు. కొసన కొంత దారం నేతకు అందకుండా మిగిలిపోతుంది. కణం విభజన చెందేటప్పుడు డి.ఎన్.ఏ. పోగుకు కూడా దాదాపు ఇదే ఇబ్బంది. పోగును నకలు తీసే యంత్రాంగం చిట్టచివరి కొసను నకలు తీయలేదు. అందువల్ల ప్రతి విభజనలోనూ పోగు కొంచెం పొట్టిదవుతుంది. ఆ నష్టం అసలు జన్యువులకు తగలకుండా కొసల్లో అర్థంలేని ముక్క ఒకటి వేలసార్లు పునరావృతమై ఉంటుంది. మనుషుల్లో ఆ ముక్క టి-టి-ఏ-జి-జి-జి అనే ఆరు అక్షరాలు. దీన్ని 1988లో గుర్తించారు. ఈ కొసలే టెలోమియర్లు. గ్రీకులో ‘టెలోస్’ అంటే చివర, ‘మెరోస్’ అంటే భాగం.

ఆ పేరు పెట్టినవారు హెర్మన్ ముల్లర్. 1938లో ఈగలపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, క్రోమోజోములు ఎక్కడ తెగినా కొసలు మాత్రం ప్రత్యేకంగా ప్రవర్తిస్తున్నాయని ఆయన గమనించారు. దాదాపు అదే కాలంలో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో ఇటువంటి విషయమే చూశారు. తెగిన కొసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, సహజమైన కొసలు అతుక్కోవు. 1961లో లెనార్డ్ హేఫ్లిక్ ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలు సుమారు యాభై విభజనల తరువాత ఆగిపోతాయని చూపారు. ఎందుకు ఆగుతాయన్నదానికి కొసల అరుగుదల కారణం కావచ్చని 1971లో రష్యా శాస్త్రజ్ఞుడు అలెక్సీ ఒలోవ్నికోవ్ ఊహించారు. 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ చెరువు నీటిలో బతికే ఏకకణ జీవి కొసల్లోని అక్షరాలను చదివారు. అరిగిన కొసను తిరిగి పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమును బ్లాక్‌బర్న్ శిష్యురాలు కెరోల్ గ్రైడర్ 1984 డిసెంబరు 25న, క్రిస్మస్ సెలవునాడు ప్రయోగశాలకు వెళ్లి మొదటిసారి గుర్తించారు. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

గుండెతో ఈ కొసలకు ముడి పడింది తరువాత. పూడుకుపోయిన రక్తనాళాలున్న రోగుల తెల్లరక్తకణాల్లో టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని 2001లో బ్రిటన్‌లోని లెస్టర్‌లో నీలేశ్ సమానీ బృందం ప్రకటించింది. 2003లో రిచర్డ్ కాథన్ అమెరికాలో అరవై దాటిన 143 మంది పాత రక్త నమూనాలను పరిశీలించారు. పొట్టి టెలోమియర్లున్న సగంమందిలో గుండెజబ్బు మరణాలు మిగతా సగం కంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. 2007లో స్కాట్లండ్ నుంచి వచ్చిన అధ్యయనం, గుండెపోటు రాకముందే తీసిన రక్తంలోనూ ఈ సంబంధం కనిపిస్తుందని చూపింది. అది చాలా విలువైన ఆధారం. కానీ దానికి మూలమైన కొలెస్టరాల్ మందు ప్రయోగంలో చేరిన 6,595 మందీ పురుషులే. పాత కథ మళ్లీ మొదలైందన్నమాట.

స్త్రీలను ప్రత్యేకంగా పరిశీలించినవారిలో ఎలిస్సా ఎపెల్ ఒకరు. 2004లో ఆమె, బ్లాక్‌బర్న్ తదితరులు 58 మంది తల్లులను పరీక్షించారు. వారిలో చాలామంది దీర్ఘరోగి అయిన బిడ్డను సాకుతున్నవారు. తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నామని చెప్పిన తల్లుల టెలోమియర్లు, తక్కువ ఒత్తిడి ఉన్నవారితో పోలిస్తే పదేళ్లకు పైగా వయసు మీద పడినంత పొట్టిగా ఉన్నాయి. చిన్న అధ్యయనమే అయినా ఇంట్లో మంచం పట్టినవారికి చాకిరీ చేసేది ఎవరో తెలిసిన మనకు ఇది వెంటనే తాకుతుంది. అయితే ఇదీ సహసంబంధమేనని మరవకూడదు.

ఇక్కడ ఒక వింత ఉంది. పుట్టినప్పుడు ఆడ, మగ శిశువుల టెలోమియర్లలో తేడా లేదు. పెద్దయ్యాక స్త్రీల టెలోమియర్లు సగటున పురుషులకంటే పొడవుగా ఉంటాయి. టెలోమరేజ్ ఉత్పత్తిని ఈస్ట్రోజెన్ ప్రేరేపిస్తుందని ప్రయోగశాలల్లో తేలింది గనుక అది ఒక కారణం కావచ్చు. మొదటి గుండెపోటు స్త్రీలకు పురుషులకంటే సుమారు తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుందన్నది వేరొక వాస్తవం. ఈ రెండింటినీ వెంటనే ముడివేయాలనిపిస్తుంది. నర్సుల అధ్యయనం గుర్తుంటే కొంచెం ఆగుతాం.

కారణమా, గుర్తా?

2014లో 24 అధ్యయనాలను, 43,725 మంది సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, టెలోమియర్లు బాగా పొట్టిగా ఉన్న మూడోవంతు మందికి గుండె రక్తనాళాల జబ్బు ముప్పు, బాగా పొడవుగా ఉన్న మూడోవంతు కంటే ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. అయినా సందేహం మిగిలింది. పొగతాగడం, స్థూలకాయం, మధుమేహం టెలోమియర్లనూ కుదించగలవు, గుండెనూ చెడగొట్టగలవు. చెన్నైలో మధుమేహ పరిశోధకులు 2005లోనే భారతీయ రోగుల్లో టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని చూపారు. అలాంటప్పుడు పొట్టి టెలోమియరు దోషియా, దోషి పక్కన నిలబడిన సాక్షియా?

మనుషుల టెలోమియర్లను చీటీలు వేసి కత్తిరించలేం. కానీ ప్రకృతి ఆ చీటీలు ముందే వేసింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున జన్యురూపాలు బిడ్డకు అందడం మెండెల్ చెప్పినట్టు యాదృచ్ఛికంగా జరుగుతుంది. కొన్ని జన్యురూపాలు టెలోమియర్లను పుట్టుకతోనే కొంచెం పొట్టిగా చేస్తాయి. ఆ రూపం వచ్చిన వ్యక్తి ధనికుడా, పేదా, పొగతాగుతాడా అన్నదానితో దానికి సంబంధం లేదు. అటువంటివారిలో కూడా గుండెజబ్బు ఎక్కువగా ఉంటే, టెలోమియరుకు కారణపాత్ర ఉందని చెప్పే బలం వస్తుంది. ఈ పద్ధతికి మెండెలీయ యాదృచ్ఛికీకరణ అని పేరు. 2013లో సమానీ, వెరైన్ కాడ్ తదితరులు టెలోమియర్ పొడవును ప్రభావితం చేసే ఏడు జన్యుస్థానాలను ప్రకటించి, పొట్టి టెలోమియర్ల జన్యురూపాలున్నవారికి గుండె రక్తనాళాల జబ్బు ముప్పు కొంత ఎక్కువని చూపారు. తరువాతి పరిశోధనలూ దీన్ని బలపరిచాయి. 2017 నాటికి మరో సంగతి బయటపడింది. పొడవైన టెలోమియర్ల జన్యురూపాలు గుండెకు మేలు చేస్తున్నా, పలు రకాల క్యాన్సర్ల ముప్పును పెంచుతున్నాయి. టెలోమియర్లు పొడిగిస్తామంటూ అమ్మే మాత్రలను చూసినప్పుడు ఈ వాక్యం గుర్తుంచుకోవాలి.

ఒక్కొక్క జన్యురూపం ప్రభావం చాలా స్వల్పం. గుండెజబ్బు ముప్పును లెక్కించే ప్రధాన వైద్య మార్గదర్శకాల్లో టెలోమియర్ పొడవుకు నేటికీ చోటు లేదు.

ఎవరి జన్యువులు?

ఆ ఏడు స్థానాలను కనుగొన్నది ఐరోపా సంతతివారి రక్తంలో. ఐరోపావారిపై తయారైన జన్యు అంచనాలు ఇతర జనసమూహాలకు వర్తింపజేస్తే కచ్చితత్వం తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్ విషయంలో ఈ సమస్య ఎందుకు పెద్దదో తెలుసుకోవాలంటే మన పెళ్లిళ్ల చరిత్రలోకి వెళ్లాలి.

1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుల్లో పిఠాపురంవాడైన కృష్ణ ద్రోణంరాజు ఒకరు. 1960ల ఆరంభంలో ఆయన పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలపై పరిశోధన పత్రాలు ప్రచురించారు. మేనమామను గాని, మేనత్త, మేనమామ బిడ్డలను గాని చేసుకోవడం మనకు మామూలు. జన్యుశాస్త్రానికి అది ఒక అరుదైన ఆధారం. దగ్గరి రక్తసంబంధంలో పుట్టిన బిడ్డకు ఒకే జన్యురూపం రెండు వైపులనుంచీ రావచ్చు.

దీనికి భిన్నమైనది, దీనికంటే పాతది మరొకటి ఉంది. 2009లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు భారతీయ సమూహాల జన్యు చరిత్రను ప్రచురించారు. అందులో ఆంధ్రప్రదేశ్ వైశ్యుల నమూనాలు ప్రత్యేకంగా కనిపించాయి. కొద్దిమంది పూర్వీకుల నుంచి వృద్ధిచెంది, వందకు పైగా తరాలుగా ఇతరులతో కలవకుండా ఉన్న సమూహపు గుర్తులు వాటిలో ఉన్నాయి. కులాల మధ్య గోడలు బ్రిటిష్‌వారు వచ్చాకే గట్టిపడ్డాయన్న వాదనకు ఇది గట్టి సవాలు. ఈ సమాజంలో కొందరికి శస్త్రచికిత్సలో వాడే ఒక కండరాల సడలింపు మందు ఎక్కువసేపు పనిచేస్తుందని మత్తు వైద్యులకు తెలుసు. దాన్ని విరిచే ఎంజైము జన్యువులో మార్పు ఇందుకు కారణం. అమ్మవారిశాల దసరా ఉత్సవాలకు పేరుపొందిన ప్రొద్దుటూరు వంటి వైశ్య పట్టణానికి ఇది పుస్తకజ్ఞానం కాదు, ఆపరేషన్ బల్ల మీది సంగతి. ఒక కులాన్ని రోగిష్టి కులమని అనడానికి మాత్రం ఇందులో ఏ ఆధారమూ లేదు. ప్రతి సమూహంలోనూ ఏదో ఒక పాత జన్యుమార్పు ఉంటుంది.

గుండెకు సంబంధించిన ఉదాహరణ కూడా సి.సి.ఎం.బి. నుంచే వచ్చింది. గుండె కండరపు ప్రోటీన్ ఒకదాన్ని తయారుచేసే ఎం.వై.బి.పి.సి.3 జన్యువులో 25 అక్షరాలు లోపించిన రూపం దక్షిణాసియావారిలో సుమారు 4 శాతం మందికి ఉందని, నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ముప్పును అది పెంచుతుందని 2009లో ప్రకటించారు. ఐరోపావారిలో ఈ రూపం దాదాపు కనిపించదు. ఐరోపా జాబితా పట్టుకుని వెతికితే ఇది దొరికేది కాదు.

జన్యువులకు బయట

గుండెపోటుకు దారితీసే కారణాలపై 52 దేశాల్లో జరిగి, 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం పొగాకు, కొలెస్టరాల్, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, ఆహారం, వ్యాయామం, మద్యం అనే తొమ్మిది అంశాలు పురుషుల ముప్పులో 90 శాతాన్ని, స్త్రీల ముప్పులో 94 శాతాన్ని వివరిస్తాయి. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది. ఇతర దేశాలవారికి అది దాదాపు 59.

ఈ జాబితాలో లేని ఒక అంశం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం. మన రాష్ట్రంలో సుమారు 9 శాతం, అంటే దేశంలోనే అత్యధికం. దేశంలో ఈ ఆపరేషన్ జరిగిన స్త్రీలలో సగం మందికి అది 34 ఏళ్లలోపే జరిగింది. ఆ వయసులో గర్భసంచితోపాటు అండాశయాలనూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. నర్సుల అధ్యయనం 1987లో చూపిన మరో ఫలితం ఇదే. రెండు అండాశయాలూ తీసివేయించుకుని హార్మోన్లు వాడనివారికి గుండెజబ్బు ముప్పు రెండింతలకు పైగా ఉంది. టెలోమియర్ జన్యురూపాల స్వల్ప ప్రభావంతో దీన్ని పోల్చి చూడండి. కడుపునొప్పి, తెల్లబట్ట అని వెళ్లిన ముప్పై ఏళ్ల స్త్రీకి ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు’ అని చెప్పే మాట, ఇరవై ఏళ్ల తరువాత ఆమె గుండె దగ్గరికి వస్తుంది.

మొదట చూసిన రిజిస్టరు దగ్గరికి తిరిగి వెళ్దాం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి, ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే కారణం తెలిపే వైద్య ధ్రువపత్రాన్ని రిజిస్ట్రారుకు పంపడం, ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వడం తప్పనిసరి. ఆ ఫారంలో గుండె ఆగిపోవడం వంటి మరణ విధానాన్ని కారణంగా రాయకూడదని స్పష్టంగా ఉంది. ప్రాణం పోయిన ప్రతివారి గుండే ఆగుతుంది కాబట్టి. తక్షణ కారణం, దానికి దారితీసిన జబ్బు, వాటికి తోడైన ఇతర పరిస్థితులు విడివిడిగా రాయాలి. చనిపోయినది స్త్రీ అయితే గర్భంతోనో, ప్రసవంతోనో సంబంధం ఉందా అని ప్రత్యేకంగా అడుగుతుంది. గర్భసంచి, అండాశయాలు ఏ వయసులో తీశారన్న ప్రశ్న లేదు. రాయదలచిన వైద్యుడు దాన్ని ‘ఇతర పరిస్థితులు’ అన్న గడిలో రాయాలి.